ఉంగరం వేలి సుడి

బల్ల మీద గాజు పలక, రోలరు, నల్ల సిరా.
మంగళవారం ప్రాక్టికల్స్.
షంషాద్ నా వేలు పట్టుకుని
గోరు అంచు నుంచి గోరు అంచు దాకా దొర్లించింది.
"వణక్కు, ముద్ర చెదురుతుంది" అన్నారు మునిశేఖర్ సార్.
ఏడు ఉచ్చులు, రెండు సుడులు, ఒక విల్లు.
రికార్డుకి పదికి ఎనిమిది.
ఎన్నిసార్లు సబ్బు రుద్దినా
రెండు రోజులు హాస్టల్ మెస్సులో
సంగటి ముద్ద మీద నా గీతలు కనపడ్డాయి.

కంప్యూటర్ల వాళ్ళ నోటీసు బోర్డుకి అద్దం తలుపుంది, తాళముంది.
మాది అట్టముక్క.
తిరపతి ఎండగాలి లేచిందంటే
మైసూరు మ్యూజియం మెట్ల మీద పడుతుంది,
ఫెలోషిప్పు సైకిల్ స్టాండు దాకా పోతుంది.
పరిగెత్తి పట్టుకున్నవాళ్ళదే అవకాశమని
మా నలుగురిలో ఒక జోకు.
నా చేతికి చిక్కింది ఇది:
వేసవి ఇంటర్న్‌షిప్. ఎనిమిది వారాలు. నెలకి ఆరు వేలు.
మీ ప్రాంతపు శ్రమ మీద చిన్న అధ్యయనం.
ఆఖరు తేదీ శుక్రవారం, సాయంత్రం అయిదు.

ఈ చదువుకి ఏం ఉద్యోగమొస్తుందని
బస్సులో పక్క సీటు అడుగుతుంది.
మనుషుల గురించి చదువుతానంటే
"దానికి కాలేజీ ఎందుకు, ఇంతమంది ఉండంగా" అని
కిటికీ వైపు తిరుగుతుంది.
నా దగ్గరా జవాబు లేదు.
కట్టాల్సిన ఫీజు మాత్రం నోటికొచ్చు.

స్కాలర్‌షిప్పు పడాలంటే ముందు అమ్మ వేలు పడాలి.
పుంగనూరు సచివాలయంలో మిషను
ఎర్ర లైటు వెలిగించి అడిగింది. అమ్మ పెట్టింది.
మళ్ళీ అడిగింది. కొంగుకి తుడిచి పెట్టింది.
తలనూనె రాసుకొని పెట్టమన్నాడు కుర్చీలో పిల్లోడు. రాసుకొని పెట్టింది.
ఎడమ చెయ్యి. చూపుడు వేలు. చిటికెన వేలు కూడా.
"మీయమ్మకి వేళ్ళు లేవంటోంది మేడం."
మిషను మాటే చెప్పాడు,
వాడి తప్పేం లేదు.

పద్దెనిమిదేళ్ళు చింతపండు మండీలో
పెంకు వొలిచి, ఈనె లాగి, గింజ కొట్టింది.
కిలోకింత కూలి.
పులుపు మనం తినేటప్పుడు నాలుకని పట్టుకుంటుంది,
అంతకు ముందు ఎవరివో వేళ్ళని తింటుంది.
మూడో యూనిట్టులో ఉంది:
గీతలు తల్లి కడుపులోనే పుడతాయి, చచ్చేదాకా మారవు.
పరీక్షలో నేనూ అదే రాశాను.
మంచి మార్కులొచ్చాయి.

సార్‌ని అడిగి సిరా సీసా తెచ్చాను.
బుధవారం టీ టైములో, మండీ అరుగు మీద,
అమ్మ చెయ్యి మొదటిసారి
పనికి కాకుండా పట్టుకున్నాను.
తెల్ల కార్డు మీద తొమ్మిది నల్ల మచ్చలు,
మబ్బు పట్టిన అమాసలు.
పదోది, ఎడమ ఉంగరం వేలు,
అంచున సగం సుడి. సన్నగా, తిరుగుతా.
నాకున్న రెండిట్లో ఒకటి అదే వేలి మీద.

"దీనికి నీకేమిస్తారు?"
"నెలకి ఆరు వేలు."
"మే, యేళ్ళు నావి గదా. దుడ్లు నీకా?"
మండీలో ఆడోళ్ళంతా నవ్వారు.
నవ్వి, ఒక్కొక్కరే చేతులు చాపారు.
కార్డులు చాల్లేదు.
బీడీ కట్టల అట్టలు చించి ఇచ్చింది చెంగమ్మత్త.
ముప్పై ఒక్క మంది.

శుక్రవారం కల్లూరు మీద వచ్చే బస్సు
ఎందుకో గంట నిలబెట్టేశారు.
ఒళ్ళో అప్లికేషను, అట్టలు, మూత సరిగా పట్టని సిరా.
క్షేత్రానుభవం ఎన్ని రోజులు? ఖాళీ వదిలేశాను.
సమాచారమిచ్చినవారు అన్న చోట కొట్టేసి
సహ పరిశోధకురాలు: రెడ్డెమ్మ, మండీ పని, అని రాశాను.
సంతకం పెట్టాల్సిన గళ్ళో
ముందే పొద్దున పెట్టించిన బొటనవేలు.
గీతల్లేవు. గుండ్రంగా, నల్లగా, నిండుగా ఉంది.

అయిదుకి పది నిమిషాలుండగా ఆఫీసులో ఇచ్చాను.
గుమాస్తా కళ్ళద్దాలెత్తి చూశాడు.
"ఇదేంది పాపా, సిరా ఒలికిందా?"
కాదన్నాను.